ఇంటిదారి పట్టిన సైకస్

పొద్దున్నే షట్టరు ఎత్తడం, తిరిగొచ్చిన మొక్కలేమైనా ఉన్నాయేమో చూసుకోవడం, మిగతావాటికి నీళ్లు పోయడం. మొక్కల కొట్టాయన దినచర్య ఇంతే. ఉండబుద్ధి కాని ఇంటినుంచి మొక్కలు కుండీతో సహా నడిచొచ్చేయడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. ఎదురుపడితే జనం పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్లు.

ఆయన్ని వీధంతా 'ఏంకాదు' అని పిలిచేది. ఎండలో పెడితే? ఏం కాదు. రెండ్రోజులు నీళ్లు మర్చిపోతే? ఏం కాదు. చెడ్డవాడు కాదు పాపం. తెలీదు అన్న మాట మాత్రం చచ్చినా ఆయన నోట వచ్చేది కాదు.

టైపిస్టమ్మ సైకస్ కొన్నరోజూ అంతే. కుండీలో పొట్టి ఈతచెట్టులా ఆకులు విప్పుకుని ఉండే మొక్క అది. ఆవిడకి కోర్టు పక్కన టైపు కొట్టు, ఇంట్లో బొంగరం అనే కుక్క. తన తోక తనే పట్టుకోబోయి గిరగిరా తిరుగుతాడని ఆ పేరు. ఆవిడకి నా అన్నవాడు వాడొక్కడే.

"అన్నా, మావాడు ఏది కనిపిస్తే అది నములుతాడు. దీంతో ఇబ్బందేం లేదుగా?"

"ఏం కాదమ్మా, తీసుకెళ్లు."

మర్నాడు సైకస్ షట్టరు ముందు నిలబడి ఉంది. "కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుంది" అని ఆయన మోసుకెళ్లి ఇచ్చొచ్చాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ ఇచ్చొచ్చాడు. మూడోసారి అది వీధి మధ్యలో ఎదురైతే ఆయన భార్య ఆగి చూసింది.

"అంత బరువేసుకుని ఊరికే వస్తుందా? ఎవర్నైనా అడగొచ్చుగా?"

"నాకు తెలీని మొక్కా!" అని, టైపిస్టమ్మ వరండాలో కిటికీ ఊచకి ఇనపతీగతో ఆ కుండీని బిగించి కట్టాడు. కదులుతుందేమోనని లాగి కూడా చూసుకున్నాడు.

వారం తిరక్కుండా బొంగరం ఆ మొక్క మొదలు కొరికి నమిలాడు. ఒకటే వాంతులు. పశువుల డాక్టరు మొక్క పేరు వినగానే తల పట్టుకున్నాడు. "కుక్కలకి ఇది విషమమ్మా. ఆకు, గింజ, మొదలు, అన్నీ విషమే. లివరు దెబ్బతినేసింది." నాలుగోరోజు బొంగరం పోయాడు.

ఏంకాదు పరిగెత్తాడు. ఆవిడ తిట్టలేదు. నాలుగు తిడితే బాగుండునని ఆయనకి ఎంతగా అనిపించిందో. పెరట్లో తనే గుంట తవ్వాడు, తర్వాత వెళ్లి తీగ విప్పాడు. సైకస్ ఈసారి కొట్టుకి పోలేదు. పచ్చిమట్టి పక్కకి నడిచెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆయన రోజూ వచ్చి దానికి నీళ్లు పోసేవాడు. ఆవిడ కిటికీలోంచి చూసేది, పలకరించేది కాదు.

మూడు నెలలకి తలుపు తీసింది.

"డాక్టరుగారి దగ్గర ఒక పిల్లకుక్క ఉందట. తెచ్చుకుందామనుకుంటున్నా. ఇది ఇక్కడుంటే ఏమైనా అవుతుందా?" తెలిసే అడిగింది.

ఆయన నాలిక మీదికి అలవాటైన మాటే వచ్చింది. మింగేశాడు.

"అవుతుందమ్మా. అప్పుడు నాకు తెలీదు. తెలీదని చెప్పలేకపోయాను."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సైకస్ కదిలి గేటు వైపు బయల్దేరింది. ఆయన నీళ్ల చెంబు పట్టుకుని వెనకాలే నడిచాడు.

"ఆ ఒక్క ముక్క ఆరోజే చెప్పుంటే నీ సొమ్మేం పోయేది అన్నా?" అంది ఆవిడ వెనకనుంచి.

ఆయన అడుగు ఆగిపోయింది. గేటు దగ్గర సైకస్ ఆయన కోసం ఆగింది.

సాయంత్రం పిల్లకుక్క వచ్చింది. పెరడంతా తిరిగి, కుండీ అచ్చు పడిన చోట వాసన చూసి, బొంగరం మట్టి మీద పడుకుంది.