గడ్డికి పోయే వేళ

ఈశ్వరప్పకు పిచ్చి పట్టిందని ధర్మవరంలో మగ్గాల వీధి మొత్తం అనుకుంది. పట్టుచీరల మూట భుజాన వేసుకుని హిందూపురం పోయిన మనిషి, తిరిగి వచ్చేటప్పుడు గంపలో రెండు సీమ కుందేళ్ళను పెట్టుకుని రైలు దిగితే అనుకోరా మరి! చెవులపిల్లిని గుట్టల్లో వేటాడి కూర వండుకునేవాళ్ళను ఆ వీధి చూసింది గానీ, ఇంట్లో పెట్టి సాకేవాణ్ణి చూడలేదు.

"ఏమప్పా, ఈ చెవులపిల్లుల్తో ఏం చేస్తావు?" అని అడిగితే, "అంచు తీస్తా" అనేవాడు ఈశ్వరప్ప, మీసం దువ్వుకుంటూ.

వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. గంపలో ఒకటి తెల్లది, ఇంకోటి నల్లది. రెండింటినీ కలపాలి, పిల్లల్ని మళ్ళీ కలపాలి, చివరికి తెల్లటి ఒంటికి నడుం చుట్టూ నల్లటి పట్టీ దిగాలి. అదీ చీరకు అంచు దిగినట్టు, ఎక్కడా వంకర లేకుండా. పుట్టిన పిల్లలన్నిటికీ అతను చీరల పేర్లే పెట్టాడు. చుక్కలున్నది బుటా, చారలున్నది కడ్డీ, ఏ రంగూ సరిగా పట్టనిది కోరా. పని దిగాక మొగుడూ పెళ్ళాం పెట్టెల ముందు గొంతుకూర్చుని, చీర మడత విప్పి చూసినట్టు ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని చూసేవాళ్ళు. భార్య కుళ్ళాయమ్మ మొదట్లో సణిగింది, తర్వాత ఆమే మొగుడికంటే ముందు లేచి ఎన్ని పుట్టాయో లెక్క చూసేది.

అది సింగపూరు జపానువాళ్ళ చేతిలో పడిపోయిన ఏడాది. ఈశ్వరప్ప చెల్లెలు సోమక్క పుట్టింటికి వచ్చిందీ ఆ ఏడే.

సోమక్క మొగుడు ఆదెప్ప మిలిటరీలో చేరి సింగపూరు పోయాడు. అక్కడినుంచి నెలకో ఉత్తరం వచ్చేది. తర్వాత ఆగిపోయాయి. బతికున్నాడో లేడో చెప్పేవాడు లేడు. ఈశ్వరప్ప మూడుసార్లు పెనుకొండ కచేరికి పోయి అడిగాడు, మూడుసార్లూ వార్త లేదన్నారు. కొత్తచెరువు ఊళ్ళో ఉన్న అత్త, "ఈడుంటే ఊరికే ఏడుస్తాది. ఉత్తరం వచ్చినాక పిల్చుకొస్తాములే" అని కోడల్ని బండెక్కించింది.

పొద్దున్నే వీధిలో పడుగు దారాలు సాగదీసేటప్పుడు ఆడా మగా అందరూ బయటే ఉంటారు. సోమక్క కనిపిస్తే చాలు, "ఉత్తరమేమన్నా వచ్చెనా సోమక్కా?" అనేవాళ్ళు. చెడ్డ బుద్ధితో కాదు, పాపం, మంచికే. కానీ రోజుకు ఇరవై సార్లు లేదు లేదని చెప్పడం ఏ మనిషికి చేతనవుతుంది? ఒకరోజు బావి దగ్గర నాలుగోసారి లేదని చెప్పి, బిందె అక్కడే వదిలి నేలమీద కూలబడి ఏడ్చింది. ఈశ్వరప్ప మగ్గం గుంతలోంచి లేచి పరుగున వచ్చి చెల్లెల్ని ఇంట్లోకి తీసుకుపోయాడు.

"ఇంక నువ్వు గడప దాటొద్దమ్మా. నీళ్ళు మీ వదిన తెస్తాది. ఆ మాటలు నువ్వెందుకు పడల్ల?"

అన్న చల్లని మనిషి. ఆ చల్లదనంతోనే సోమక్క ఇంట్లో బందీ అయింది. తెల్లవారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టడం, అన్న ముందర పెట్టడం, మళ్ళీ చుట్టడం. ఆ ఇంటికి వెలుతురు మగ్గం మీద పడేట్టు ఒక్కటే కిటికీ. రాట్నం దగ్గర కూర్చుంటే అందులోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదు. పది నెలలు ఆ గోడనే చూసింది. ఆ గోడమీద ఎన్ని బీటలున్నాయో ఆమెకు తెలుసు.

కుందేళ్ళు రెండు ఏడయ్యాక గడ్డి ఎవరు తేవాలన్న ప్రశ్న వచ్చింది. ఈశ్వరప్ప మగ్గం దిగడు. కుళ్ళాయమ్మకు ఇంటి పనికే పొద్దు చాలదు. చివరికి ఈశ్వరప్పే దారి చూపించాడు.

"పెరటి వాకిట్లోంచి పోతే చెరువు కట్ట. పొద్దు వాలేటప్పుడు ఆడ ఎవరూ ఉండరు. ఒక ఒడి గరిక కోసుకుని వచ్చేయగలవా సోమక్కా?"

ఆమె అన్న మొహం చూడకుండా కొడవలి అందుకుంది. చూస్తే సంతోషం బయటపడుతుందని భయం.

కట్ట ఎక్కగానే గాలి కొట్టేది. నీళ్ళున్నా లేకున్నా చెరువు చెరువే కదా, చూపుకు గోడ అడ్డం రాదు. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. కనగానపల్లి నుంచి గొర్రెల్ని తోలుకొచ్చి చెరువులో మేపే పాపన్న అనే ముసలాయన ఒకడు కనిపించేవాడు. అతను అడిగేది ఒక్కటే: "ఏమ్మా, మీ చెవులపిల్లులు బాగుండాయా?"

"బాగుండాయి తాతా" అనేది సోమక్క. 'బాగుండాయి' అని ఆమె నోరారా చెప్పగలిగింది ఆ ఒక్క ప్రశ్నకే.

ఆ గంట కోసం తక్కిన రోజంతా బతికేది. కుందేళ్ళు ఎక్కువైతే గడ్డి ఎక్కువ కావాలి, గడ్డి ఎక్కువైతే గంట గంటన్నర అవుతుంది. ఈ లెక్క తలకెక్కాక సోమక్క కుందేళ్ళ పెంపకంలో అన్నను మించిపోయింది. ఏ ఆడదాన్ని ఎప్పుడు జత కలపాలో, ముప్ఫై రోజులు ఎప్పటికి నిండుతాయో, తల్లి తన రొమ్ము బొచ్చు తానే పీక్కుని గూడు కట్టడం మొదలుపెడితే ఎన్ని గంటల్లో ఈనుతుందో ఆమెకు నోటికొచ్చు. ఈశ్వరప్ప రంగులు చూసేవాడు, ఆమె కడుపులు చూసేది. తడి గడ్డి తింటే కడుపుబ్బి పూటలో చచ్చిపోతాయన్న సంగతీ ఆమెకే తెలుసు. మొదట్లో రెండు పిల్లలు అట్లానే పోయాయి, ఎందుకు పోయాయో అన్నకు తెలియనే లేదు. అప్పట్నుంచి వాన పడితే గడ్డిని పొయ్యిగడ్డ దగ్గర ఆరబెట్టిగానీ వేసేది కాదు.

ఏడాదిన్నరకు కుందేళ్ళు ఇరవై ఆరయ్యాయి. సోమక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడ్డికి పోయేది. ఆ వానాకాలంలోనే అంచు దిగింది. ఒక ఈతలో పుట్టిన ఐదింటిలో ఒకదానికి, తెల్లటి ఒంటి నడుమ నల్లటి పట్టీ, గీత గీసినట్టు! ఈశ్వరప్ప దాన్ని పట్టుకుని వీధంతా తిప్పి చూపించాడు. పెళ్ళికూతురు అని పేరు పెట్టాడు.

ఆ వారంలోనే కట్టమీద బురదకు సోమక్క కాలు జారింది. తుమ్మముల్లు అరికాల్లో విరిగింది. చీరంతా బురదతో, కుంటుకుంటూ పెరటి వాకిట్లోకి వచ్చిన చెల్లెల్ని చూసి ఈశ్వరప్ప నెత్తి కొట్టుకున్నాడు. "నా పిచ్చికి నిన్ను ముళ్ళల్లో తిప్పుతాండా గదమ్మా" అని, తన చేత్తోనే ముల్లు తీసి పసుపు పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం మొహమంతా నవ్వుతో వచ్చాడు.

"ఇంక నీకు ఆ బాధ లేదు సోమక్కా. ఆ గొర్రెల పాపన్నతో మాట్లాడినా. రోజూ రెండు మోపులు పెరటి వాకిట్లో వేసి పోతాడు. చెంబుడు మజ్జిగ పోస్తే చాలంట."

సోమక్క చేతిలో రాట్నం ఆగింది. "వద్దన్నా, నేను పోతాలే. కాలు మానిపోయింది."

"నీకేమన్నా తిక్కా? కూర్చుంటే గడ్డి కాళ్ళకాడికి వస్తాంటే!"

"నాకేం కష్టం లేదన్నా..."

"నాకు ఉండాది కష్టం. ఇంక మాట్లాడొద్దు."

ఏమని చెబుతుంది? బయటికి పోవాలని ఉంది అంటే, బయట ఏముంది అని అడుగుతారు. గాలి ఉంది అంటే నవ్వుతారు. ఆమె మళ్ళీ రాట్నం తిప్పింది. దారం రెండుసార్లు తెగింది.

పాపన్న మోపులు వేసి పోవడం మొదలైంది. వానలు విడవలేదు. మూడోరోజు వచ్చిన మోపు పిండితే నీళ్ళు కారుతోంది. సోమక్క దాన్ని ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. వదిన నీళ్ళకు పోయింది, అన్న మగ్గంలో ఉన్నాడు.

ఈ గడ్డి ఇట్లానే వేస్తే? ఏ కోరానో చస్తే అన్న అయ్యో అని ఊరుకుంటాడు. పెళ్ళికూతురు చస్తే ఊరుకోడు. పాపన్న తెచ్చే గడ్డి మంచిది కాదంటాడు, నువ్వే పోవల్ల సోమక్కా అంటాడు. ఒక్కటి. ఒక్కటి చస్తే చాలు.

తడి గరిక గుప్పెడు తీసి పెళ్ళికూతురి పెట్టెలో వేసింది. పెళ్ళికూతురే ముందు వచ్చింది. ముందుకాళ్ళు లేపి ఒక పరక కొస పట్టుకుంది. రాట్నం మీద కండెకు దారం ఎక్కినట్టు పరక కొద్దికొద్దిగా నోట్లోకి పోతోంది. రోజూ అన్నం పెట్టే చెయ్యి కదా, దానికేం అనుమానం? సగం పోయింది. సోమక్క ఒక్కసారిగా చెయ్యి దూర్చి, మిగిలిన పరకను దాని నోట్లోంచి లాగేసింది. పెట్టెలో ఉన్న గడ్డంతా ఏరి బయట పారేసి, ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తనంటే తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం నుంచి ప్రతి మోపూ విప్పి, పరక పరక విడదీసి, పొయ్యిగడ్డ పక్కన చాపమీద ఆరబెట్టేది. కండెలు చుట్టగా మిగిలిన పొద్దంతా దానికే సరిపోయేది. ఒక్క పిల్లా చావలేదు.

రెండు నెలల తర్వాత హిందూపురం నుంచి ఒక చీరల వ్యాపారి వచ్చాడు. ఈశ్వరప్ప పెట్టెలన్నీ చూపించాడు. "మా చెల్లెలు వీటికోసం పాపం ముళ్ళల్లో పడి తిరిగేది. పాపన్న గడ్డి పెట్టుకున్నాక ఒక్కటన్నా చస్తే ఒట్టు!" అన్నాడు. రాట్నం దగ్గర సోమక్క ఇంకో కండె ఎత్తుకుంది. నిజమే, ఆ ఏర్పాటు ఇంత బాగా కుదిరిందంటే ఆమె చేతుల వల్లే కుదిరింది.

వ్యాపారి పెరటి వాకిలి చూసి, పిల్లులూ ముంగిసలూ రావా అన్నాడు. ఈశ్వరప్పకు అంతవరకూ ఆ ఆలోచన రాలేదు. ఎవరూ పోని వాకిలి ఎందుకనుకున్నాడు. మర్నాడే రాళ్ళు తెప్పించి ఆ వాకిలికి అడ్డంగా గోడ ఎత్తడానికి కూర్చున్నాడు.

"సోమక్కా, బురదకు రెండు కడవలు నీళ్ళు ఇయ్యమ్మా."

ఇచ్చింది. సాయంత్రానికి గోడ మనిషెత్తు లేచింది.

ఆ మర్నాడు గోడ మీదుగా మోపు వచ్చింది. పాపన్న కనపడలేదు, మోపు తోసే రెండు చేతులు కనిపించాయి.

"ఏమ్మా, చెవులపిల్లులు బాగుండాయా?"

"బాగుండాయి తాతా" అని సోమక్క గోడ దగ్గరికి పరుగున పోయింది. "తాతా, చెరువు నిండెనా?"

"ఇంకా లేదమ్మా" అన్నాడు పాపన్న. గొర్రెల్ని అదిలిస్తూ వెళ్ళిపోయాడు.

మర్నాడూ అదే అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. నాలుగోరోజు "చెరువు నిండెనా తాతా?" అన్నప్పుడు తన గొంతు తనకే వినిపించింది. బావి దగ్గర ఆడవాళ్ళు ఉత్తరం సంగతి అడిగిన గొంతే అది. ఆ మాట ఎంత ఆశగా అడుగుతారో ఆమెకు అప్పుడు తెలిసింది.

"లేదు తల్లీ" అన్నాడు గోడ అవతల పాపన్న, కాస్త విసుగ్గానే.

సోమక్క మోపు ఎత్తుకుంది. తడిగా ఉంది. చాప పరిచి, విప్పి, పరక పరకా విడదీయడం మొదలుపెట్టింది.