నాన్న ఎంచుకున్న టైర్లు

శవపేటిక మోయడానికి టైర్లు కొన్నవాళ్లు ఈ చుట్టుపక్కల మేమే అయి ఉంటాం. అదీ, పోవాల్సిన మనిషి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ ఉండగా. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, మా ఇంట్లో ఆ సామెత చావుకి వర్తించింది.

మా నాన్న జ్ఞానానందం మాస్టారు రేపల్లె అవతల మా ఊళ్లోనే మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యాడు. గుండె బాగా నీరసించిందనీ, ఇక ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దనీ తెనాలి డాక్టరు మాకు చెప్పాడు. గొంతు తగ్గించే చెప్పాడు కానీ నాన్న చెవులు గుండె కన్నా గట్టివి. ఆ రోజు నుంచి ఆయన దిగులంతా చావు గురించి కాదు, డొంక గురించి.

ఊరి నుంచి సమాధుల తోటకి చేల మధ్యగా వెళ్లే మట్టిబాటను మేం డొంక అంటాం. వేసవిలో రాయిలా ఉంటుంది. నాలుగు వానలు పడ్డాయంటే నల్లమట్టి కాలు పట్టుకుని వదలదు. మా అమ్మ అచ్చమ్మ ఎండాకాలంలో పోయింది కాబట్టి సుఖంగానే వెళ్లింది. తన పక్కన చోటు ఉంచమని నాన్న అప్పుడే పాస్టరుగారిని అడిగి పెట్టుకున్నాడు. పోయినేడు వానల్లో రాజారత్నం మామయ్య పోయినప్పుడు మోసేవాళ్ల కాళ్లు జారి పెట్టె బురదలో పడింది. మూత ఊడింది. నాన్న పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి అదంతా చూశాడు. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, మనిషి ముడుచుకుపోయేవాడు.

నా తమ్ముడు శాలేమురాజు రొయ్యల చెరువులకి మేత చేరవేస్తాడు. వాడికో పాత జీపుంది, దాని టైర్లు అరిగి నున్నబడ్డాయి. వానల్లోపు దానికి బురదలో నడిచే టైర్లు వేయించమనీ, తన పెట్టె ఆ జీపులోనే వెళ్లాలనీ నాన్న హుకుం. బాపట్లలో పాఠాలు చెప్పడానికి స్కూలుకి బయల్దేరుతున్న నాకు ఫోన్ చేసి, వాడి పక్కన నువ్వుండు కరుణా, వాడు షాపువాడు ఏది చూపిస్తే దానికి తలూపుతాడు అన్నాడు. బుద్ధి ఉందా నాన్నా నీకు అని అరిచాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. శనివారం బండెక్కి తెనాలిలో దిగాను.

షాపాయన మూడు రకాలు వరసగా నిలబెట్టాడు. ఒకటి తారు రోడ్డుది. రెండోది ఆల్ టెరైన్, అటూ ఇటూ నడిచేది. మూడోది మడ్ టెరైన్. దాని గట్లు లావుగా, గట్లకీ గట్లకీ మధ్య బొటనవేలు పట్టేంత సందులతో, చూడటానికే మొరటుగా ఉంది. ఆ సందుల్లోకి మట్టి ఎక్కుతుందనీ, చక్రం తిరిగేకొద్దీ విసిరేస్తుందనీ చెప్పాడు. తారు మీద హోరు పెడుతుంది, తడి రోడ్డు మీద జారుతుంది, మెత్తటి నేలని చీరేస్తుంది. ఇంతకీ బండి ఎక్కడ తిరగాలని అడిగాడు. తమ్ముడు నా మొహం చూశాడు. దాచి ఏం లాభమని, మా నాన్నగారి శవయాత్రకండి అన్నాను.

పాపం ఆయన చేతులు జోడించాడు. "ఎప్పుడు పోయారమ్మా?"

"ఇంకా పోలేదండి."

ఈలోగా నాన్నే వీడియో కాల్ చేశాడు. దిండుకి చేరగిలపడి, కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కో టైరూ దగ్గరగా చూపించమన్నాడు. సందులో వేలు పెట్టి లోతు చూపించమన్నాడు. పొలాలు దున్నే దమ్ము చక్రంలా ఉండాలన్నది ఆయన లెక్క. షాపాయన మర్యాదగానే అడ్డుపడ్డాడు.

"మాస్టారూ, రోజూ తిరిగే బండికి ఆ మధ్యరకం నయమండి. ఏ దారికైనా సరిపోద్ది."

"నాకు ఏ దారైనా ఎందుకయ్యా? నేను వెళ్లేది ఒక్కటే దారి."

తమ్ముడు మడ్ టెరైన్ టైర్లే బిగించమన్నాడు.

తొలకరి పడి డొంక బురదయ్యాక నాన్న కొత్త కోరిక కోరాడు. ఒకసారి వెళ్లి చూసొద్దాం, నడుస్తుందో లేదో తెలియొద్దా అన్నాడు. తన శవయాత్రకి తానే రిహార్సల్ అన్నమాట! ఆదివారం గుడి అయ్యాక వీపుకి దిండు పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను వెనక, రేపు పెట్టె ఉంచాల్సిన చోట కూర్చున్నాను. జీపు గుర్రుమంటూ, చక్రాల నుంచి ముద్దలు ముద్దలుగా మట్టి విసురుతూ, ఎక్కడా ఆగకుండా అమ్మ సమాధి దాకా వెళ్లింది. నాన్న దిగలేకపోయాడు. కిటికీలోంచే మొహం బయటికి పెట్టి, అచ్చమ్మా, దారి బాగానే ఉంది అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు మళ్లీ వెళ్దామన్నాడు. ఆ మర్నాడూ. సాయంత్రం అయ్యేసరికి ఉతికిన పంచె కట్టుకుని, జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించేవాడు. సమాధి పక్కన జీపాపితే లోకాభిరామాయణమంతా అమ్మకి చెప్పేవాడట. నా కూతురు జెన్నిఫర్‌కి నెల తప్పిన సంగతి దాని అత్తగారి వాళ్లకన్నా ముందు అమ్మకే చేరింది. తిరిగొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. మొహంలో కళ వచ్చింది. డాక్టరు మాట తప్పేమోనని నాకూ ఆశ పుట్టింది.

డొంకని మాత్రం మాలో ఎవరూ చూడలేదు. పక్క చేల ఆసామి హనుమంతరావుగారు చూశారు. నేను ఊళ్లో ఉన్న ఒకరోజు వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నాన్న ఆరోగ్యం గురించి అడిగి, అప్పుడు నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. టైర్లు చీరిన చోట మోకాలిలోతు గాడులు పడ్డాయి. చేల నీళ్లు వాటిలోకి దిగుతున్నాయి, గట్టు కరుగుతోంది.

"మాస్టారూ, కొన్నాళ్లు ఆపండి. వానలు ముదిరితే డొంక నిలవదండి."

ఆయన చెప్పింది నిజమేనని నేనూ గట్టిగా అన్నాను. సరే అన్నాడు నాన్న. అనడమైతే అన్నాడు గానీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దు, పాలు వద్దు. సాయంత్రం పంచె మార్చుకోలేదు. తమ్ముడు ఎన్నాళ్లో ఓర్చుకోలేకపోయాడు, మళ్లీ జీపు తీశాడు. ఫోన్‌లో వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వొచ్చి ఆయన మొహం చూడు, అప్పుడు తిట్టు అక్కా అన్నాడు. నేను వెళ్లలేదు.

తర్వాత వాయుగుండం పట్టింది. వాన కాదది, ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురిసింది. మురుగు కాలువ పొంగి చేలన్నీ ఏకమయ్యాయి. ఆ నీళ్లకి జీపు గాడులే దారి చూపించాయి. ఆ ముసురులోనే ఒక ఉదయం నాన్న కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పోయాడు.

పెట్టె ఎక్కించకముందు తమ్ముడు ఖాళీ జీపుతో వెళ్లి చూశాడు. మొదటి మలుపు దగ్గరే దిగబడింది. చక్రం తిప్పినకొద్దీ ఆ టైరు గట్లు మట్టిని తవ్విపోసి ఇంకా కిందికి దించాయి. హనుమంతరావుగారు ట్రాక్టరు తెచ్చి జీపుని లాగి, తానే ముందుకెళ్లి చూసొచ్చారు. నడిమధ్యలో డొంక తెగిపోయిందనీ, అక్కడ నీళ్లు ఏరులా పారుతున్నాయనీ చెప్పారు. చర్చి కుర్రాళ్లు భుజాల మీద తీసుకెళ్తామని పంచెలు ఎగ్గట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముడు ఒప్పుకోలేదు.

"బురదలో పడతాడక్కా. అమ్మ పక్కన లేకపోయినా పర్లేదు, నాన్న బురదలో పడకూడదు."

రాజారత్నం మామయ్య పెట్టె నేను చూడలేదు, వాడు చూశాడు. పాస్టరుగారు రేపల్లెకి ఫోన్ చేసి అక్కడి సమాధుల తోటలో చోటు అడిగారు.

ఊరి నుంచి అక్కడి గేటు దాకా తారు రోడ్డే. ఏ టైరు వేసుకున్నా వెళ్లొచ్చు. నాన్న ఏరికోరి తెప్పించిన టైర్లు దారి పొడుగునా ఒకటే హోరు. వెనక ఆటోల్లో ఆడవాళ్లు పాడుతున్న కీర్తన ఒక్క ముక్క వినిపించలేదు. తెలియని వాళ్ల సమాధుల మధ్య, ఎవరో తాసిల్దారుగారి పక్కన నాన్నని దించాం.

తిరిగొచ్చేటప్పుడు తమ్ముడు బండి పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల పెట్టాడు. నేను రోజూ తీసుకెళ్లకుండా ఉంటే దారి ఉండేది కదక్కా అన్నాడు. ఉండేదిరా అని అరవాలనిపించింది. నిజం కూడా అదే. కానీ తీసుకెళ్లకపోతే నాన్న ఆ గోడవైపు తిరిగే పోయేవాడు, అదీ నిజమే. నోరు మూసుకుని బండి నడుపు అన్నాను.

వాన ఇంకా పడుతూనే ఉంది. రోజూ సాయంత్రం ఆయన కోసం చూడటం అలవాటైన అమ్మ అక్కడ ఒక్కతే ఉంది. నాన్న పోయాడని వెళ్లి చెబుదామన్నా దారి లేదు.