మిస్ ఆర్డెల్లా మెట్ల మీద దొరికినవి

రోషెల్ రోజూ పొద్దు పొడవకముందే లేచి, కూతురికి నిద్రలోనే గౌను తొడిగి, భుజాన వేసుకుని బయలుదేరేది. టాలియాకి నాలుగేళ్లు. ఆ వయసు పిల్లలు మెలకువలో కంటే నిద్రలో ఎక్కువ బరువుంటారు, ఎందుకో ఎవరూ తేల్చలేదు. రెండు వీధులు దాటితే మిస్ ఆర్డెల్లా ఇల్లు. అక్కడ పిల్లను దింపి, సందు చివర ఫ్యాక్టరీ బస్సు అందుకోవాలి. ఆ డ్రైవరు ఎవరికోసమూ ఆగడు. ఒకసారి సొంత పెళ్లాం వెనక పరుగెత్తుకొస్తున్నా ఆపలేదని చెప్పుకుంటారు. ఆవిడ ఆరోజు ఇంటికెళ్లి వంట చెయ్యలేదని కూడా చెప్పుకుంటారు.

మిసిసిపి డెల్టాలో ఆ ఊరికి ఉన్నది చేపల పనే. ఒకప్పుడు పత్తి పండిన పొలాలన్నీ చెరువులైపోయాయి. వాటిలో పెరిగిన మీసాల చేపలు ఫ్యాక్టరీకి వస్తాయి, ఆడవాళ్లు వరుసగా నిలబడి కోస్తారు. రోషెల్ తల్లి కోసింది, పెద్దమ్మ కోసింది. రోషెల్ మాత్రం టాలియా పుట్టాక కొన్నాళ్లు సర్కారు సాయం మీద గడిపింది. ఆ తర్వాత సాయమిచ్చే ఆఫీసువాళ్లు, ఇక పనిలో చేరు, పిల్లను చూసుకునే ఖర్చు మేం కడతాం అన్నారు. మాట బాగానే ఉంది. పని దొరికింది, టాలియాకి మిస్ ఆర్డెల్లా ఇంట్లో చోటూ దొరికింది.

మిస్ ఆర్డెల్లా గురించి కాస్త చెప్పాలి. డెబ్భై దాటిన మనిషి. ఊళ్లో సగంమంది ఆవిడ చేతి మొక్కజొన్న జావ తాగి పెరిగినవాళ్లే. ఫ్యాక్టరీలో ఆడవాళ్లు పోగొట్టుకున్నవన్నీ ఆవిడ ఇంటి వెనక మెట్ల మీద వచ్చి పడేవి. ఉంగరాలూ గొలుసులూ కాదు, వాటిని గేటు దగ్గరే తీయించేస్తారు. కూనిరాగాలు, నవ్వులు, తలనూనె వాసన, ఒక్కోసారి సగంలో ఆగిన కునుకు. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టి, ఆవిడ చీపురుతో వాటిని మెల్లిగా ఊడ్చి బిస్కెట్ల డబ్బాలో వేసేది. వానొస్తే మాత్రం పరుగెత్తాల్సిందే. తడిసిన కూనిరాగం ఆరాక శ్రుతి తప్పుతుంది.

సాయంత్రం పిల్లలతో పాటు అవీ అప్పగించేది.

"డెబ్రా, నీ కోపం మళ్లీ పడిపోయింది, పట్టుకెళ్లు."

"మీ దగ్గరే ఉంచండి మిస్ ఆర్డెల్లా. ఇంటికి తీసుకెళ్తే పాపం మా ఆయన ఎక్కడ దాక్కుంటాడు?"

ఆ ఏడు ఆఫీసువాళ్లు మిస్ ఆర్డెల్లా ఇంటి తలుపు పక్కన వేలిముద్రల యంత్రం బిగించారు. సాయం అందుకునే తల్లులు పిల్లను దింపేటప్పుడూ తీసుకెళ్లేటప్పుడూ దాని మీద వేలు పెట్టాలి. పచ్చ దీపం వెలిగితే పిల్ల వచ్చినట్టు. ఎర్రది వెలిగితే రానట్టు, ఆ పిల్ల ఎదురుగా నిలబడి ముక్కు చీదుతున్నా సరే. ఖర్చంతా తనే పెట్టుకునే టీచరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ కొడుకుని దింపి, యంత్రం వైపు చూడకుండా కారెక్కి వెళ్లిపోయేది.

మంచునీళ్లు, ఉప్పు, బల్లలు కడిగే మందు, చేప ఒంటి జిగురు. రోజంతా వాటిలో నానే వేళ్ల మీద గీతలు ఎన్నాళ్లు నిలుస్తాయి? గ్లవ్స్ తొడిగినా నీళ్లు దూరతాయి. మొదట్లో ఆడవాళ్లు ముక్కు పక్కన వేలు రుద్ది, ఆ జిడ్డుతో యంత్రాన్ని ఒప్పించేవారు. కొన్ని నెలలకి రోషెల్‌కి ఆ కిటుకూ పనిచెయ్యలేదు.

ఆఫీసుకి ఫోను చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. క్రీము రాసుకోమంది. వేరే వేలు పెట్టమంది. వేళ్లన్నీ అయిపోయాయంటే రూలు చదివి వినిపించింది. ఈ శుక్రవారం కూడా పిల్ల రానట్టే కనబడితే ఆ చోటు వరుసలో ఉన్న మరొకరికి వెళ్తుందని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పింది. చోటు పోతే పని పోతుంది. పని లేకపోతే సాయమూ ఉండదు. ఆ పైన ఏముంటుందో రోషెల్ ఆలోచించలేదు.

నిజానికి ఆ గీతలు ఎక్కడికీ పోలేదు. మెట్ల మీదే పడ్డాయి, వెల్లుల్లి పొట్టులా పల్చగా. మిస్ ఆర్డెల్లా ఏరి ఇస్తే, రోషెల్ వంటగదిలో కూర్చుని ఒక్కొక్కటీ వేళ్లకి అద్దుకుని చూసింది. అన్నీ జారిపోయాయి.

"నీ చర్మం గట్టిపడిపోయింది పిల్లా. కూనిరాగమైతే దానంతటదే గొంతులోకి దూరుతుంది. ఇవి అలా కాదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

మిస్ ఆర్డెల్లా గీతల్ని డబ్బాలో వేసి, కింది అరలో పెట్టింది.

శుక్రవారం పొద్దున సన్నగా వాన. చంకలో టాలియా. రోషెల్ ఒక్కో వేలూ తుడిచి పెట్టింది. ఎర్ర దీపం. నుదుటికి రుద్ది పెట్టింది. ఎర్ర దీపం. సందు చివర బస్సు హారను మోగింది. వెనక నిలబడ్డ డెబ్రా, తన పిల్లాడి టోపీ సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

"నేను పెడతా," అని టాలియా చెయ్యి చాచి బొటనవేలు నొక్కింది.

పచ్చ దీపం వెలిగింది. తెర మీద రోషెల్ పేరు వచ్చింది.

రోషెల్ ఆ వేలిని వెలుతురుకి తిప్పి చూసింది. తన గీతలే. చిన్నప్పుడు రేకు కోసుకున్న గాటు కూడా అందులోనే ఉంది.

"డబ్బాలోవి నాకి అతికించుకున్నా," అంది టాలియా. "నావి ఊడిపోయాయి."

మిస్ ఆర్డెల్లా పిల్ల గీతల కోసం డబ్బా బోర్లించి వెతికింది. వానలోనే వెళ్లి మెట్లన్నీ చూసొచ్చింది. ఆ మెట్ల మీద పెద్దవాళ్లవే పడతాయి. పిల్లలవి ఎక్కడ పడతాయో ఆవిడకీ తెలియదు.

"ఇంకా పచ్చిగానే ఉన్నాయి, గోరువెచ్చటి నీళ్లతో ఒలిచేస్తాను," అంది చెంగావి రంగు గిన్నె అందుకుంటూ. "మధ్యాహ్నానికి ఆరిపోతే ఇక రావు."

రోషెల్ గిన్నె వంక చూసింది. బస్సు మళ్లీ హారను కొట్టింది.

"సోమవారం కూడా పెట్టాలి కదండీ," అంది.

మిస్ ఆర్డెల్లా గిన్నె దింపేసింది.

సాయంత్రం రోషెల్ వచ్చేసరికి పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని అరటిపళ్లు తింటున్నారు. తక్కినవాళ్లు ఒలుచుకుంటున్నారు. టాలియా ఒలవలేదు. పండుని బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ అరచేత్తో అదిమిపట్టి, వెన్న రాసే మొండి కత్తిని తల దగ్గర దించి వీపు వెంట తోక దాకా లాగింది. తిప్పింది. రెండోవైపూ లాగింది. రెండు ముక్కలూ పక్కపక్కన పేర్చి, తొక్క తోసేసి, మధ్యలో లేని ముల్లుని రెండు వేళ్లతో తీసి పక్కన పెట్టింది. రోషెల్‌కి ఆ కోత చేతికి రావడానికి ఏడాది పట్టింది.

టాలియా తలెత్తకుండానే తర్వాతదాని కోసం ఎడమచెయ్యి చాచింది.

రోషెల్ కత్తి చుట్టూ బిగిసిన ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విప్పింది. చల్లగా ఉన్నాయి. పిల్లను ఎత్తుకుని తలుపు దాకా వచ్చి, చెయ్యి అందేలా కాస్త వంగింది.

పచ్చ దీపం వెలిగింది.