అమ్మది ఏ చేతివాటం

హాస్పిటల్‌కి బయల్దేరే ముందు కూడా అమ్మే అందరికీ అన్నం వడ్డించింది, కుడిచేత్తో. ఆమెది ఎడమచేతివాటం. కానీ "ఆ చేత్తో వడ్డిస్తే నేను ముట్టనమ్మా" అని కాపరానికొచ్చిన కొత్తలోనే నాయనమ్మ చెప్పేసిందట. కడియంలో మొక్కల నర్సరీకి పనికి వెళ్ళాకే అమ్మ చెయ్యి మారుతుంది. గులాబీకి అంటు కట్టేటప్పుడు కత్తి ఎడమచేతిలోనే ఉంటుంది. సెలవుల్లో పక్కన కూర్చుని చూశాను, గాటు ఒక్కసారి కూడా పక్కకి పోదు.

రాజమండ్రిలో అమ్మని వార్డులో ఉంచి, డాక్టరు గారు నాన్నకీ నాకూ స్కాన్ చూపించారు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఛాతీలో ఉబ్బిందట. లోపల గొట్టంలాంటి స్టెంటు పెట్టాలట.

"ఎడమచేతికి వెళ్ళే కొమ్మ ఆ వాపు పక్కనే ఉందండి. స్టెంటు దాన్ని మూసేస్తుంది. చాలామందికి వేరే దారుల్లో రక్తం అందుతుంది. కొందరికి పని చేస్తుంటే చెయ్యి లాగి, పట్టు తగ్గుతుంది. ముందు మెడ దగ్గర బైపాస్ చేస్తే ఆ కొమ్మని కాపాడొచ్చు. ఆవిడది ఏ చేతివాటం?"

"కుడేనండి," అన్నారు నాన్న వెంటనే. "ఇంకో కోతెందుకండి? ఎక్కువ రోజులు ఇక్కడుంటే మా అమ్మకి వండిపెట్టేదెవరు?"

నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. కానీ బుర్ర ఊరుకోలేదు. రోజూ సాయంత్రం అమ్మని నర్సరీ నుంచి బండి మీద తీసుకొచ్చేది నాన్నే కదా. పని తెమిలేదాకా గట్టు మీద కూర్చుని చూస్తారే! పదిహేడేళ్ళలో ఒక్కసారీ కనబడలేదా? పోయిన నెలలోనే కదా, "ఆ నర్సరీ మానేసి ఇంటిపట్టున ఉండు" అని నాన్న అమ్మతో పోట్లాడింది? ఛీ, కన్నతండ్రిని ఇలా అనుమానించొచ్చా అనుకున్నాను. అయినా వార్డుకి పరిగెత్తి అమ్మ చెవిలో చెప్పేశాను.

కాసేపటికి నాన్న కాగితం తెచ్చారు. "అంతా మాట్లాడేశాను సూర్యకళా. సంతకం పెట్టు."

"నాది ఏ చేతివాటమని చెప్పారండీ?"

నాన్న నావైపు చూశారు. "కుడని. ఇంట్లో అన్నీ ఆ చేత్తోనే చేస్తావుగా. ఇంకోటి నాకేం తెలుసు?"

అమ్మ కోప్పడలేదు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, డాక్టరు గారిని పిలుచుకురమ్మని నన్ను పంపింది. నేను తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి ఆమె గొంతు వినబడింది.

"మీకు తెలుసండి. తెలిసే కుడి అన్నారు."