గుమ్మం ముందు ఈతకొలను

పిల్లల్ని బడి దగ్గర దింపి బస్సు షెడ్డులో పెట్టేసరికి డ్రైవరమ్మకు రోజూ నడుము రెండు ముక్కలైనట్టుండేది. మండుటెండలో కూడా మణికట్టు దాకా చేతులున్న చొక్కా, వేళ్ళకు తొడుగులు. పెళ్ళయిన కొత్తలో వేలి చివర మొదలైన బొల్లి మచ్చ ఇప్పుడు భుజాల దాకా పాకింది. మచ్చలంటే ఆమెకు భయం లేదు. వాటి మీద పడే చూపులంటేనే భయం.

"ఈ నడుముకు మందు ఈతే, రోజూ కొట్టమ్మా. లేకపోతే స్టీరింగు వదులుకోవడమే" అని డాక్టరు తేల్చేశాడు.

"చిన్నప్పుడు ఏట్లో చేపపిల్లలా ఈదేదాన్నని నా చెవులు చిల్లులు పడేలా చెప్పావుగా అక్కా, పద" అని తోడికోడలు తువ్వాలు చంకన పెట్టుకుని బయల్దేరదీసింది.

పేటలో అందరికీ కలిపి ఒకటే ఈతకొలను. దాని నీళ్ళకు పట్టింపులెక్కువ. ఒళ్ళు కడుక్కోకుండా ఎవరైనా దిగితే ముక్కు మూసుకున్నట్టు పక్కకు జరిగిపోయేవి. ఆ మనిషి పొడి నేల మీద టోపీ పెట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడేవాడు. "వెళ్ళి స్నానం చేసి రా నాయనా" అనేసి మిగతావాళ్ళు తమ ఈతలో పడిపోయేవారు.

డ్రైవరమ్మ శుభ్రంగా స్నానం చేసి, తొడుగులు తీసి, మెట్టు మీద కాలు పెట్టింది. నీళ్ళు ఎదురొచ్చాయి. చాన్నాళ్ళకు పుట్టింటికొచ్చిన కూతుర్ని పట్టుకున్నట్టు గుండెల దాకా చుట్టుకున్నాయి. అవతలి గోడ తాకి వచ్చేసరికి నడుములో ముడి ఏదో విడిపోయినట్టయింది.

"మేనేజరు గారూ!" గట్టు మీద నుంచి కేక. అది రోజూ వచ్చే పచ్చటోపీ ఆవిడ. "బోర్డు మీద ఏం రాశారు? చర్మవ్యాధులున్నవారికి ప్రవేశం లేదనేగా?"

"ఇది అంటుకునేది కాదండీ" అంది డ్రైవరమ్మ.

"నీ ఈత నీ హక్కయితే, నా ఒంటిని కాపాడుకోవడం నా హక్కు. పోయినేడు గజ్జి ఒకరి నుంచి ఇంటిల్లిపాదికీ పాకలేదూ? నలుగురూ దిగే చోట నలుగురి మంచీ చూడాలి."

గజ్జి మాట అబద్ధం కాదు. బోర్డు పెట్టింది అప్పుడే. మేనేజరు మెత్తటి మనిషి, గొంతు ఎటు పెద్దదైతే అటు ఒరిగేవాడు. "రేపట్నుంచి రాకండమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నీళ్ళు ఒప్పుకున్నాయి, నేనూ చూశాను. కానీ మనుషులు కూడా ఒప్పుకోవాలి కదా."

ఇంటికొచ్చాక డ్రైవరమ్మ ఏడవలేదు. "నాకలవాటేలే" అంది.

"నీకలవాటైతే అయింది, నాకు కాలేదు" అంటూ తోడికోడలు గిన్నెలన్నీ ధనధనా పడేసింది.

మర్నాడు పొద్దున డ్రైవరమ్మ తలుపు తీస్తే గుమ్మం ముందు ఈతకొలను నిలబడి ఉంది. గోడల్లేవు, ఒట్టి నీళ్ళే, నీలంగా, ఛాతీ ఎత్తున, వీధిలో చుక్క ఒలకకుండా. సైకిలాయన చుట్టూ తిరిగి పోతున్నాడు.

"మీకోసమే అనుకుంటా వదినా" అన్నాడు ఎదురింటాయన. "కాస్త పక్కకు జరగమనండి, బండి తీయాలి."

అంతలో మేనేజరు రొప్పుతూ వచ్చాడు. వెనకే పచ్చటోపీ ఆవిడ, తువ్వాళ్ళు కప్పుకున్న ఈతగాళ్ళు. "ఎంత పిలిచినా రావడం లేదమ్మా. మీరొస్తేగానీ కదిలేట్టు లేవు."

"ఆ బోర్డు పీకి పారేద్దాం" అన్నాడు ఒక ఈతగాడు. "ఎవరిష్టం వాళ్ళది!"

"పీకొద్దు" అంది డ్రైవరమ్మ. చేతులు దాచుకోవడం మర్చిపోయింది. "గజ్జి వస్తే తగ్గేదాకా నేనైనా ఆగాల్సిందే. కానీ అంటుకునే జబ్బు వేరు, కంటికి నచ్చని ఒళ్ళు వేరు. చర్మవ్యాధులన్న చోట అంటువ్యాధులని రాయించండి. ఏది ఏదో డాక్టరు చెప్పాలి గానీ పక్కవాళ్ళ కన్ను కాదు. అలా రాస్తేనే నీళ్ళలో దిగుతాను."

పచ్చటోపీ ఆవిడ గొంతు తగ్గింది. "నిజంగా అంటుకోదా?"

తోడికోడలు తన రెండు చేతులూ ఆవిడ మొహం ముందు పెట్టింది. "కాపురానికొచ్చినప్పట్నుంచీ ఒకే కంచంలో తింటున్నాం. వెతుక్కో, ఒక్క మచ్చ దొరికితే చెప్పు!"

ఆవిడ నిజంగానే వెతికింది. దొరకలేదు.

డ్రైవరమ్మ లోపలికెళ్ళి చేతుల్లేని జాకెట్టు వేసుకొచ్చింది. పేట మొత్తం కిటికీల్లోంచి చూస్తుండగా నడివీధిలో నడిచింది. ఆమె అడుగుకు అడుగేస్తూ వెనకే నీళ్ళు. కొట్లవాళ్ళు బస్తాలు పైకెత్తుకుని దారిచ్చారు. కొలను చేరగానే నీళ్ళు ధబ్బున లోపలికి దూకాయి. మేనేజరు స్టూలెక్కి, తన చేత్తోనే పాత మాట చెరిపి కొత్తది రాశాడు. రంగు ఆరేదాకా డ్రైవరమ్మ గట్టు మీదే నిలబడింది. తర్వాత స్నానం చేసొచ్చి, మెట్ల వైపు కూడా చూడకుండా ఒక్కసారిగా దూకేసింది. ఆ నీళ్ళు చూరు దాకా ఎగిరాయి.

నడుము బాగుపడింది, స్టీరింగు చేజారలేదు. సాయంత్రాలు కొత్తవాళ్ళకు ఈత నేర్పే పని కూడా ఆమెకే వచ్చింది. అందరికన్నా ముందు నేర్చుకోవడానికి వచ్చింది పచ్చటోపీ ఆవిడే. ఇన్నేళ్ళూ మోకాలి లోతు దాటింది లేదట. తెల్ల మచ్చల అరచేతుల మీద బోర్లా పడుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వదలకు తల్లీ, నీకు పుణ్యముంటుంది, చెయ్యి మాత్రం వదలకు!"

"వదలను" అంది డ్రైవరమ్మ. "ఊపిరి తీసుకోండి."