కామరాజు సారు, రెండు గోల్ఫ్ కర్రలు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నానని ఎవడైనా చెప్పి, కామరాజు సారెవరో తెలీదన్నాడంటే వాడు పచ్చి అబద్ధాలకోరని రాసిపెట్టుకోవచ్చు. సందు చివర మూడో అంతస్తులో, ఫ్యాను వేస్తే బోర్డు కూడా ఊగే గదిలో, పొద్దున బ్యాచ్ మొదలు రాత్రి బ్యాచ్ దాకా సుద్దముక్క పట్టుకుని నిలబడే ఉంటాడు మహానుభావుడు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రకారంతా మెళ్ళో బిళ్ళలు వేలాడేసుకుని, గిర్రున తిరిగే కుర్చీల్లో కూర్చుని జీతాలు తీసుకుంటున్నారు. ఆయన మాత్రం ఒక్క కంపెనీలో ఒక్క పూట పనిచేసిన పాపాన పోలేదు. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోయేవి.

"నాకూ ఓ కుర్చీ కావాలోయ్," అన్నాడు ఓ రాత్రి భార్య అరుణాదేవితో, వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని. "ఊళ్ళో వాళ్ళందర్నీ కూర్చోబెట్టాను. నేనెప్పుడు కూర్చుంటాను చెప్పు?"

"మీరే వెళ్ళి ఉద్యోగం అడగొచ్చుగా! నోట్లో నాలుక లేదా ఏంటి?" అందావిడ.

అడిగాడు. పంజగుట్టలో ఓ కంపెనీకి బయోడేటా పంపాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. అమీర్‌పేటలో బయోడేటా ఎవడూ సొంతంగా రాసుకోడు. కంప్యూటర్లో ముందే ఒకటుంటుంది, పేరు మార్చి, అనుభవం సర్ది, ప్రింటు తీసుకుంటారు. కామరాజు సారూ అదే చేశాడు. అన్నీ మార్చాడు గానీ, అట్టడుగున "హాబీలు" అనే వరస ఒకటుందని, దాన్ని కూడా చదివేవాళ్ళుంటారని ఆయనకు తట్టలేదు. ఏ పుణ్యాత్ముడు ఎప్పుడు రాశాడో, అందులో "గోల్ఫ్, హ్యాండిక్యాప్ పదహారు" అని ఉంది.

ఇంటర్వ్యూ చేసిన మేనేజరు భానుశ్రీ సరిగ్గా అడుగునుంచి చదవడం మొదలుపెట్టింది.

"మీరు గోల్ఫ్ ఆడతారా!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా డైరెక్టరు రఘురామ్ గారికి ప్రాణం. ఆదివారం మాతో ఆడటానికి రండి. అక్కడే ఆయన మిమ్మల్ని చూస్తారు, మీ ఉద్యోగం సంగతి తేల్చేస్తారు."

కామరాజు సారు గోల్ఫ్ బంతిని కంటితో కూడా చూసెరగడు. అయినా "తప్పకుండానండీ" అన్నాడు. కుర్చీ అంత దగ్గరకొచ్చాక కాదనడానికి నోరెలా వస్తుంది?

తిన్నగా నెట్ సెంటరుకు పోయి చదివాడు. హ్యాండిక్యాప్ అనే అంకె ఎంత చిన్నదైతే ఆటగాడు అంత గట్టివాడట. పదహారంటే మధ్యరకం. మొదటి దెబ్బ దూరంగా కొట్టే లావు తలకాయ కర్రను డ్రైవరంటారట. అది లేకుండా మైదానంలోకి వెళితే పరువు దక్కదని అర్థమైంది.

పంజగుట్ట సందులో క్యారమ్ బోర్డులు, షటిల్ బ్యాట్లు అమ్మే విజయేందర్ దుకాణంలో అలాంటివి రెండు మూలన పడున్నాయి. ఎవరో బంగళా ఖాళీ చేస్తూ వదిలించుకున్నవి.

"గిది కొత్తగ నేర్చుకునేటోళ్లదన్నా," అన్నాడు విజయేందర్. "తలకాయ పెద్దగుంటది, బంతి యాడ తాకినా సీదా పోతది. గిదేమో జర ఆట వచ్చినోళ్లది. మంచిగ తాకితే మస్తు దూరం పోతది. తప్పు తాకిందనుకో, బంతిని బల్కంపేటల ఎతుక్కోవాలె."

"నువ్వు కొట్టి చూశావా?"

"నేనేడ కొట్టిన! అమ్మినోళ్లు చెప్పిన్రు. రెండు తీస్కపో, నచ్చింది ఉంచుకో, ఇంకోటి వాపస్ తే. ఫికర్ చెయ్యకు. గీతలు మాత్రం పడొద్దు."

కామరాజు సారు రెంటినీ స్కూటరుకు కట్టుకుని ఇంటికొచ్చాడు గానీ, ప్రాణం కుదురుగా లేదు. నేర్చుకునేవాళ్ళ కర్ర పట్టుకెళితే అబద్ధం అక్కడికక్కడే బయటపడుతుంది. రెండోది పట్టుకెళితే బంతి తగలదు. ఎటు చూసినా కొంప మునిగేదే. సరే, టెస్టింగ్ మాష్టారు కదా, రెంటినీ పరీక్షించి తేలుద్దామనుకున్నాడు.

ఇన్‌స్టిట్యూటు డాబా మీద తాడు కట్టి పరుపు వేలాడదీశారు. కొట్టడానికి శిష్యుడు వీరవెంకటసత్యనారాయణ కుదిరాడు. వాడి పేరు పిలిచేలోపు బంతి వెళ్ళిపోతుందని అందరూ వీర అనేవాళ్ళు. సారు తాను కొట్టలేదు. ఎలా నిలబడాలో, కర్ర ఎలా ఎత్తాలో నెట్ సెంటరులో చదివిందంతా అరగంట పాఠం చెప్పి, "పరీక్షించేవాడు పక్కనుండి గమనించాలోయ్" అన్నాడు.

వీర కొట్టాడు. బంతి పొట్ట నొప్పి వచ్చినవాడిలా నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. రెండో కర్రతోనూ అంతే. మర్నాడూ అంతే. మూడోనాటికి "రెండు డ్రైవర్లకూ తేడా లేదు" అని సారు తీర్పు రాసేశాడు. పాపం, తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? రెంటి తలకాయలకీ ఉన్ని తొడుగులున్నాయి. వాపసు ఇవ్వాల్సిన సరుకు, గీత పడకూడదని అరుణాదేవి వాటి మీద పాలిథిన్ కవర్లు కూడా తొడిగి రబ్బరు బ్యాండ్లు వేసింది. టీవీ రిమోట్ కవరే ఏళ్ళ తరబడి విప్పని ఇల్లాలు, పరాయి కర్ర మీద కవరు విప్పనిస్తుందా?

"సార్, ఏంటి సార్, టోపీ పెట్టుకుని స్నానం చేసినట్టుంది," అన్నాడు వీర చివరికి. "విప్పి కొడదాం సార్!"

అరుణాదేవి గుడికి వెళ్ళి, డాబా మీదికి కాపలా రాని పూట చూసి విప్పారు. పెద్ద తలకాయ కర్రతో వీర ఎంత వంకరగా కొట్టినా బంతి బుద్ధిగా పరుపులోకి పోయింది. సారు మురిసిపోయాడు. రెండోది ఎత్తి కొట్టాడు వీర. బంతి పరుపును పట్టించుకోకుండా పక్క డాబా మీదికి ఎగిరి, మెస్ నడిపే బుచ్చమ్మ ఎండబెట్టుకున్న వడియాల మధ్యలో పడింది.

"ఎవడ్రా నా వడియాల మీద కోడిగుడ్డేసినోడు?" అని కేక. కాసేపటికి మళ్ళీ, "ఇదేం గుడ్డురో, గింత గట్టిగున్నది! గిన్నెకేసి కొట్టినా పగుల్తలేదు!"

గురుశిష్యులిద్దరూ పరుపు చాటున నక్కారు.

ఆదివారం పొద్దున్నే రెండు కర్రలూ వెంటేసుకుని ఊరి చివర మైదానానికి చేరాడు కామరాజు సారు. చెట్టు కింద పేము కుర్చీలు వేసున్నాయి. భానుశ్రీ పదేపదే కూర్చోమంది. ఉద్యోగం వచ్చాకే కూర్చుంటానన్నట్టు ఆయన నిలబడే ఉన్నాడు.

రఘురామ్ గారు భారీ మనిషి, చేతిలో చిన్న తలకాయ డ్రైవరు. బంతిని కొట్టిన ప్రతిసారీ అది కుడివైపు పొదల్లోకి పారిపోతోంది. మనిషి కందగడ్డలా అయిపోయాడు. పక్కనున్న ఉద్యోగులంతా "వెరీ నైస్ సార్", "గాలి ఎక్కువగా ఉంది సార్" అంటున్నారు. ఆకు కదలట్లేదు.

కామరాజు సారు ఓపిక పట్టాడు. పట్టాడు. పదేళ్ళుగా తప్పు కనబడితే దిద్దిన నోరు, ఎంతసేపు ఊరుకుంటుంది?

"సార్, తప్పుగా అనుకోకండి. మీ చేతిలో ఉన్నది ఆట వచ్చినవాళ్ళది."

భానుశ్రీ కళ్ళు పెద్దవయ్యాయి. రఘురామ్ గారు తిరిగి చూశాడు. "అయితే?"

"మీకింకా రాలేదండీ."

అయిపోయింది, ఉద్యోగం గోవిందా అనుకున్నాడు మనసులో. కానీ నోరు ఆగితేగా! తన పెద్ద తలకాయ కర్ర ఆయన చేతిలో పెట్టి మొదలెట్టాడు. ఇది తప్పుల్ని కాస్తుందండీ, మధ్యలో తగలకపోయినా తిన్నగా పోనిస్తుంది. బంతి పైకి లేవడానికి దీని మొహం కాస్త ఆకాశం వైపు చూస్తుంది. మీదైతే సరిగ్గా కొట్టినవాడికే లొంగుతుంది. ఇందులో సిగ్గేముందండీ, బ్యాచ్‌లో అందరూ మొదటి పాఠం నుంచేగా! కాళ్ళు దూరం జరపండి. ఊపిరి వదలండి. చూపు బంతి మీద, నా మీద కాదు.

రఘురామ్ గారు కొట్టాడు. ఠంగుమంది. బంతి నిటారుగా ఎగిరి, తిన్నగా పోయి, ఎక్కడో పచ్చిక నడిమధ్యన దిగింది. అంత లావు మనిషి చిన్నపిల్లాడిలా గెంతాడు. మరో బంతి, మరోటి. ఈసారి "వెరీ నైస్ సార్" అనడం అందరూ మర్చిపోయారు.

"ఇప్పుడు మీరు, కామరాజు గారూ! హ్యాండిక్యాప్ పదహారు చూపించండి," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

రెండో కర్ర పట్టుకుని నిలబడ్డాడు సారు. ఊపాడు. గాలి తప్ప ఏదీ తగల్లేదు. మళ్ళీ ఊపాడు. ఈసారి గడ్డి పెళ్ళ లేచి భానుశ్రీ బూట్ల మీద పడింది. మూడోసారి బంతి దయతలచి ఇంత దూరం దొర్లింది. ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకు మరీ ప్రాణం తీసినట్టయింది.

"నాకు ఆట రాదండీ," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కర్ర ఊపడం కూడా ఇదే మొదలు. బయోడేటాలో ఆ వరస నాది కాదు. నాకొచ్చింది చెప్పడమొక్కటే."

రఘురామ్ గారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఆర్నెల్లుగా నాకు ఎవడూ నిజం చెప్పలేదయ్యా! మీరు రేపే చేరండి. మా కొత్తవాళ్ళందరికీ మీరే పాఠాలు చెప్పాలి."

కామరాజు సారుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఉద్యోగం వచ్చింది. మళ్ళీ పాఠాలే!

"సార్," అన్నాడు, "ఒక్క మాట. అక్కడ నాకు కుర్చీ ఉంటుందా?"

"మంచి కుర్చీ ఇస్తాను, గిర్రున తిరిగేది. కానీ మీరు కూర్చుంటారా? వచ్చిందగ్గర్నుంచీ చూస్తున్నా, భానుశ్రీ మూడుసార్లు కూర్చోమంది. మీరొక్కసారీ వినిపించుకోలేదు."