చెవికందని సన్నటి చప్పుడు

పాత కార్లను ప్రేమించేవారు ఎక్కువగా వాటి రంగు గురించీ వంపుల గురించీ మాట్లాడతారు. నాకు మాత్రం కారు మొదటినుంచీ ఒక చప్పుడు. మా షెడ్డులో ఉన్నది వయసులో నాకన్నా పెద్దది. దానికి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీల్చుకుంటేనే ఇంజను కుదురుగా నడుస్తుంది. రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొనను ఒక్కొక్క కార్బురేటరు నోటి దగ్గర పట్టుకోవాలి. రెండు బుసలూ ఒకేలా వినిపించేదాకా మర తిప్పాలి. ఊళ్లో పాత కార్లున్నవారంతా ఆ పనికి నా దగ్గరికే వచ్చేవారు.

షెడ్డు అరల్లో నా మిగతా పిచ్చి ఉంది: జేబులో పట్టే నీడ గడియారం, జత రెక్కల పాత విమానం నుంచి ఊడదీసిన, ఎత్తు కొలిచే మీటరు. ఆ విమానాలు నడిపినవారు రెక్కల మధ్య బిగించిన తీగల ఈలను బట్టి వేగం పోల్చుకునేవారట. తీగ అదే ఉండి, వినే చెవి మారితే ఏమయ్యేదో ఎవరూ రాసినట్టు లేదు.

పాత కార్ల ఊరేగింపుకు ఇంకొక్క రోజే ఉంది. అందరికన్నా ముందు నడవవలసింది నా కారు. ఆ ఉదయమే కార్బురేటర్లు సరిచేసి, నడుస్తున్న ఇంజను ముందు తృప్తిగా నిలుచున్నాను. వంటింట్లోంచి నా భార్య వచ్చింది.

"ఏమండీ, దీనికేమొచ్చింది? అలా దగ్గుతోంది?"

"ఇంత నున్నగా నడుస్తుంటే దగ్గంటావేమిటి?"

"నా చెవులు నా తలకే ఉన్నాయి లెండి. అరలో గిన్నెలు కూడా వణుకుతున్నాయి, వచ్చి చూడండి."

ఇంజను మీద చెయ్యి పెట్టాను. వణుకు అరచేతికి తెలిసింది, చెవికి తెలియలేదు. గొట్టం మళ్లీ చెవిలో పెట్టుకున్నాను. ఇంతసేపూ నేను సమానం చేసింది రెండు నిశ్శబ్దాలను.

సన్నటి ధ్వనులే ముందు పోతాయని చెవి డాక్టరు నిరుడే చెప్పారు. మాటలు వినిపిస్తున్నాయి కదా అని కొట్టిపారేశాను. పోయే చప్పుడు చెప్పి పోదు.

గొట్టం ఆమెకిచ్చాను.

"నన్ను డాక్టరమ్మను చేశారా?"

"ఎలా వినిపిస్తోందో చెప్పు."

"ఇది కుక్కర్లో ఆవిరి పోతున్నట్టుంది. అదేమో, మా వదినగారు అలిగి ముక్కుతో వదిలే గాలిలా ఉంది."

"ఏది గట్టిగా ఉంది?"

"ఇంకేది? మీ అక్కయ్యే."

మర తిప్పాను.

"కొంచెం. ఇంకొంచెం. అబ్బే, దాటిపోయారు, వెనక్కి రండి. ఆఁ, అక్కడుంచండి."

అరచేతి కింద వణుకు సర్దుకుంది. ఇన్నేళ్లూ ఈ కారును సవతి అంటూ వచ్చిన మనిషి చెవితో నేను దాన్ని విన్నాను. ఇది వినడమా, నమ్మడమా? ఆ ఆలోచన తెగలేదు. ఆమె గొట్టం తీయకుండా, కొనను ఇంజను పక్కన నెమ్మదిగా జరుపుతోంది.

"ఇక్కడ లోపలేదో కొట్టుకుంటోందండీ. సన్నగా."

అలాంటి చప్పుళ్లు రెండున్నాయి. ఒకటి వాల్వుల దగ్గర సందు పెరిగితే వచ్చేది. దానితో ఎంతదూరమైనా పోవచ్చు. రెండోది పిస్టన్ పిన్ను అరిగితే జంటగా వచ్చేది. దాన్ని పట్టించుకోక నడిపితే ఇంజను దారిలోనే ముక్కలవుతుంది. ఆ ముక్కలకు మారు ఇప్పుడెక్కడా దొరకదు. రెంటికీ ఉన్న తేడా చెవికే తెలుస్తుంది. ఊళ్లో ఆ తేడా చెప్పగలిగినవాణ్ణి నేనే.

"టక్కుమంటోందా, టిక్కుమంటోందా?"

"టక్కుకీ టిక్కుకీ మధ్యలో."

"పొడిగా ఉందా, గుల్లగా ఉందా?"

"చప్పుడు పొడిగా ఉండడమేమిటండీ? అదేమన్నా కూరా?"

"ఒక్కొక్కటిగా వస్తోందా, జంటగా వస్తోందా?"

ఆమె కళ్లు మూసుకుని విన్నది. "ఒక్కోసారి జంటగానే అనిపిస్తోంది. మళ్లీ కాదేమో అనిపిస్తోంది. తప్పు చెప్తే మీ బండి పాడవుతుందేమోనని భయంగా ఉంది."

ఇన్నేళ్లలో ఆమెకు ఆ మాటలేవీ నేర్పలేదు. అవి లేకుండా ఆమె విన్నది నాదాకా రాదు. ఇంజను ఆపాను.

"రేపు తీసుకెళ్లొచ్చా మరి?"

నేను గొట్టం తీసుకుని చుట్టసాగాను.

"ఉండండి, చేసి చూపిస్తాను," అంటూ ఆమె మడ్‌గార్డు మీదకు వంగి, చూపుడువేలి గోటితో రేకు మీద కొట్టసాగింది. కొడుతూ నా ముఖంలోకి చూసింది.

"ఇదిగో, అచ్చం ఇలాగే. తెలిసిందా?"

నేను దగ్గరగా వంగి, ఆ గోరు లేచి పడడం చూస్తూ ఉండిపోయాను.